డ్రైవర్ లేని బండిల మా తమ్ముడు

గీ మధ్య బజార్ల ఎవరు ఎదురుపడ్డా ఒకటే అడుగుతున్నరు. "టీచరమ్మా, డ్రైవర్ లేని బండి ఎక్కొచ్చినవట గదా, భయం కాలేదా?" అందరికి చెప్పి చెప్పి నోరు నొస్తున్నది. అందుకే రాసి పెడుతున్న. చదువుకోండ్రి, మళ్ల నన్ను సతాయించకుండ్రి.

బండి సంగతికంటే ముందు ఒక మాట. నేను కరీంనగర్ పోయింది బండి చూద్దామని కాదు. నా గుడ్డసంచిల మా తమ్ముడు రాజేశం పాస్‌పోర్ట్ ఉండె. అది వాని చేతికియ్యాల్నా, వాపస్ తెచ్చుకోవాల్నా తేలక మూడు దినాలు ఆ సంచిని సంకల వెట్టుకొని తిరిగిన.

రాజేశం పన్నెండేండ్లు సౌదీ దేశం దమ్మాంల ట్రేలర్ నడిపిండు. రెండేండ్ల కింద వాపస్ వచ్చినంక బెల్లంపల్లి దాక వచ్చి, ఆ నీలి బుక్కు నా చేతుల పెట్టిండు. "అక్కా, గిది నా ఇంట్ల ఉంటే మనసు గుంజుతది. నేను అడిగినా ఇయ్యకు" అన్నడు. మా దిక్కు గల్ఫ్ పోయొచ్చినోళ్లల్ల ఇది కొత్త ముచ్చట కాదు. ఒకలు అత్తగారింట్ల పెడ్తరు, ఒకలు బియ్యం డబ్బల దాస్తరు. నేను బీరువల నా పెండ్లి చీర మడతల పెట్టి తాళమేసిన.

మొన్న ఎండకాలం ఫోన్ చేసిండు. "అక్కా, జర పాస్‌పోర్ట్ పట్కొని రా. మళ్ల దమ్మాంలనే ట్రేలర్ పని ఉన్నదట. ఏజెంట్ ఆదివారం దాక టైమిచ్చిండు."

"అడిగినా ఇయ్యకు అన్నవ్ గదరా?"

"అన్న. ఇప్పుడు అడుగుతున్న."

వాని పరేషాన్ ఏందంటే, కరీంనగర్ బయట కొత్తగ లేసిన ఆఫీసుల పార్కుల డ్రైవర్ లేని బండి తిరుగుతది. ఫ్రీ. దాంట్ల ఊకె కూసునుడు వాని పని. ఏమన్న అయితే ఆపాలె, ఏం కాకపోతే ముట్టొద్దు. శనివారం పరీక్ష పెట్టిన్రు. వాడు ముట్టకుంట బండి మూడు చక్కర్లు కొడితే, వచ్చే నెల నుంచి సీట్ల మనిషి అక్కరలే. కొట్టకపోతే కంపెనీ బండిని లారీల ఎక్కించుకొని పోతది. ఎటు తిరిగినా వాని పని పోవుడే.

బెల్లంపల్లి నుంచి పెద్దపల్లి దాక

రైల్ల నా ఎదురుంగ కాగజ్‌నగర్ నుంచి వస్తున్న ఒక పెద్దమనిషి కూసున్నడు. నెత్తికి తెల్ల రుమాలు, చేతుల స్టీలు టిఫిను. కాగితం మిల్లుల పనిచేసేటోడట. మిల్లు మూసినప్పుడు బర్రెలు కొనుక్కున్నడు, మళ్ల తెరిచేటాల్లకు బర్రెలకే అలవాటు పడ్డడు. మంచిర్యాల కాడ ముంజలు అమ్మొస్తే డజను కొన్నడు, నాలుగు నాకిచ్చిండు. పైసలియ్యబోతే "రైల్ల ఇచ్చినదానికి పైసలేంది అక్కా" అని కోపమైండు.

యాడికి పోతున్నవంటే చెప్పిన. ఆయన అసలు నివ్వెరపోలే. "గదేం వింత? మా కాడ ఎడ్లబండి గట్లనే గదా. అంగడి నుంచి వచ్చేటప్పుడు మనిషి బండిల పండుకుంటడు, ఎడ్లు సక్కగ ఇంటి ముంగట తెచ్చి నిలవెడ్తయ్" అన్నడు. పెట్టెల ఉన్నోళ్లందరు నవ్విన్రు. నేనూ నవ్విన. జరసేపయినంక ఆయన కిటికీల నుంచి చూసుకుంట, "గని ఎడ్లను ఇడిసి నీళ్లు పెట్టేటందుకు మనిషి లేవాలె" అన్నడు. ఆ మాట నాకు పెద్దపల్లి దాక తోడొచ్చింది.

పెద్దపల్లిల సర్కారు బస్సెక్కిన. ఆడోళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. రోడ్డుకు రెండు దిక్కుల యాసంగి కోతలు నడుస్తున్నయ్. మా బెల్లంపల్లి దిక్కు బొగ్గు కుప్పలు చూసిన కండ్లకు, ఎటు చూసినా వడ్ల కుప్పలే. రోడ్డు సగం వడ్లు, సగం బండ్లు. మా బస్సు డ్రైవర్ ఒక చక్రం మట్టిల దింపి, ఒక చక్రం తారు మీద ఉంచి, గింజ నలగకుంట పోయిండు. ఒక్కరు గూడ శభాష్ అనలే. గట్ల నడుపుడు మా దిక్కు లైసెన్సుకు ముందే రావాలె.

కరీంనగర్: మాడిన సర్వపిండి

రాజేశం భార్య లత నా కాళ్లకు నీళ్లిచ్చి, సంచి అందుకోబోయింది. "వదినె, ఇటియ్యి, లోపల పెడ్త."

"వద్దులే బిడ్డా, నా కాడనే ఉండని."

అంతే, ఆమెకు సమజైంది. దాంట్ల ఏమున్నదో మళ్ల అడగలే. ఆ సంచిల పాస్‌పోర్ట్ ఒకటే కాదు. లతకని తెచ్చి, సంచి విప్పబుద్ధిగాక ఇయ్యని రెండు సీసల మామిడికాయ తొక్కు, నీళ్ల సీస, తువ్వాల, కండ్లద్దాల డబ్బ, గొడుగు తప్ప అన్నీ ఉన్నయ్. బయలెల్లేటప్పుడు మా ఆయన దాన్ని ఎత్తి చూసి "ఊరిడిసిపెట్టి పోతున్నవా?" అన్నడు.

లత సర్వపిండి చేసింది. మేము పల్లీలు దట్టంగ ఏస్తం, ఆమె శనగపప్పు ఎక్కువ, నువ్వులు ఎక్కువ ఏస్తది. పచ్చిపులుసుల ముంచుకొని తింటే పానం లేచొస్తది. గని ఆ దినం మొదటి రెండూ మాడినయ్. లత సర్వపిండి మాడవెట్టుడు నేను ఎన్నడు చూడలే. పొయ్యి మీద చూపు లేదు ఆమెకు, నా సంచి మీదనే ఉన్నది.

వాళ్ల బిడ్డకు పదేండ్లు. మొన్నమొన్నటి దాక "దమ్మాం బాపు" అనేది. అంటే ఫోన్ల కనిపించే బాపు అన్నట్టు. ఇప్పుడు ఉత్త "బాపు" అంటుంది. నేను గమనించిన సంగతి రాజేశం చూసిండు, కంచం దిక్కు తల వంచిండు.

తెల్లారి వాడు డ్యూటీకి పోతూ లత కాడ ముగ్గుపిండి డబ్బ అడిగి తీసుకున్నడు. నాకు నవ్వాగలే. "ఏందిరా, ఆఫీసు ముంగట ముగ్గులేస్తున్నవా?"

"అవునక్కా. వచ్చి చూడు" అన్నడు.

పార్కు: పది రూపాల చాయ్

పార్కు అంటే చెట్లు, ఊయలలు అనుకునేరు. అద్దాల బిల్డింగులు నాలుగు. సగం వాటికి కిరాయికి ఇస్తమన్న బోర్డులే. లోపల హోటళ్ల చాయ్ ఎనభై రూపాలు. గేటు బయట బండి కాడ పది. మెడల ట్యాగులేసుకున్నోళ్లందరు బయటనే నిలబడి తాగుతున్నరు. చూసి నాకు ధైర్యమొచ్చింది, వీళ్లూ మనసొంటోళ్లే అని.

ఇగ బండి. పెద్ద ఫ్రిజ్‌ను అడ్డం పండవెట్టి చక్రాలు పెట్టినట్టున్నది. ముందూ ఎనకా ఒకటే తీరు. స్టీరింగ్ లేదు, గేర్ లేదు, హారన్ లేదు, ఆపేటందుకు ఒక ఎర్ర బటన్ మాత్రం ఉన్నది. ఎనిమిది మంది ఎదురెదురుంగ కూసోవాలె, పెండ్లి చూపులల్ల లెక్క. తలుపు మూసుకోంగనే ఒక ఆడ గొంతు రేడియో వార్తల తెలుగుల "దయచేసి కూర్చోండి" అన్నది. నేను అప్పటికే కూసున్న. అయినా భయానికి ఇంకోసారి లేసి కూసున్న. రాజేశం నవ్విండు.

భయం ఎంతసేపు? రెండు మలుపుల దాక. సైకిల్ అంత నెమ్మది. కుక్క అడ్డమొస్తే ఆగింది. కుక్క పోయినంక గూడ జర ఆలోచించి కదిలింది. మొదట్ల పూజ చేసి ముంగట నిమ్మకాయ, మిరపకాయలు కట్టిన్రట. అవి బండి కన్నుకు అడ్డమొచ్చి అది గంటసేపు కదలలే. హైదరాబాద్ నుంచి ఫోన్లే ఫోన్లు. ఆఖరుకు రాజేశం నిమ్మకాయను ఎనక్కు కట్టిండు, బండి నడిచింది. అప్పటి సంది నిమ్మకాయ ఎనకనే ఉంటది.

నేను రోడ్డు చూడలే, మా తమ్మున్ని చూసిన. చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని కూసున్నడు. గని ప్రతి మలుపు కాడ వాని కుడికాలు కిందికి ఒత్తుకుంటున్నది. అక్కడ బ్రేకు లేదు, ఉత్త నేల. మా ఆయన బొగ్గుబాయిల పనిచేసిండు. మిషిన్లు వచ్చినంక ఆయనను ఒక గేటు కాడ కూసోవెట్టిన్రు. కూసుంటే జీతం, నసీబు మంచిగున్నదని అందరన్నరు. ఆయన మాత్రం ఇంటికొచ్చినంక ఊకె ఉండలేక గోడకు మొలలు కొడుతుండె. మా ఇంట్ల ఇప్పటికీ ఎవ్వల అంగి ఎక్కడన్న తగిలియ్యొచ్చు, అన్ని మొలలు.

రాజన్న గీత

బండి పోయే రోడ్డు ఒక దిక్కు పొలాలకు ఆనుకొని ఉన్నది. గంత సాఫ్ రోడ్డు, బండ్ల రాకపోకలు తక్కువ. మరి కోతలకాలం మా ఆడోళ్లు ఊకుంటరా? అక్కడి నుంచి ఇక్కడి దాక వడ్లే వడ్లు. అంచులకు రాళ్లు పేర్చి, నల్ల టార్పాలిన్లు మడతవెట్టి పక్కకు పెట్టిన్రు.

వడ్ల పక్కన తెల్లటి గీత. ముగ్గుపిండి గీత.

పొద్దున బండి మొదలు కాకముందు రాజేశం ఆ గీత గీస్తడట. దాని అవతల ఎన్ని వడ్లన్న పోసుకోండ్రి, ఇవతల గింజ పడొద్దు. ఇవతల గింజలు పడితే బండి అడ్డమనుకొని ఆగిపోతది. చక్రం మట్టిల దింపి పోవుడు దానికి రాదు. ఆ గీతకు పేరు "రాజన్న గీత". దాన్ని ఒక్కలు దాటరు.

పోశవ్వ అని ఒకామె కాళ్లతోని వడ్లు తిరగేస్తుండె. రెండెకరాలు కౌలుకు పట్టిందట, ఒక్కతే. తడి ఉంటే వడ్లు కొనే సెంటర్ల కొనరు, ఇంకో రెండు ఎండలు కొడితే చాలు అన్నది. బండి ఎక్కినవా అవ్వా అని అడిగిన.

"యాడ ఎక్కుడు? చెయ్యెత్తితె ఆగది. ముంగటికి పోయి నిలబడితె ఆగుతది గని తలుపు తియ్యది. గసొంటి మర్యాద ఏం మర్యాద?" అన్నది. మళ్ల గొంతు తగ్గించి, "రాజన్న పోతడటనా?" అన్నది. ఎటు పోతడో అడగలే. సీటు నుంచి పోవుడో, దమ్మాం పోవుడో, ఆమెకు రెండూ ఒకటే.

నేను సంచిని గట్టిగ పట్టుకున్న. "ఇంకా తెల్వది" అన్న.

శనివారం

పరీక్షకు శ్రావ్య అనే ఇంజినీరు పిల్ల వచ్చింది. ఆదిలాబాద్ పిల్లనే, మంచి మనిషి. ఒళ్లె కంప్యూటర్ పెట్టుకొని కూసున్నది. "అన్న డ్యూటీల ఉన్నప్పుడు బండి ఎన్నడు ఆగది ఆంటీ. వేరేటోళ్లు కూసుంటే పదిసార్లు ఆగుతది. ఎందుకో మాకు సమజ్ కాలే" అన్నది. ముగ్గుపిండి సంగతి చెప్పనీకె నోరు తెరిచిన. రాజేశం నా దిక్కు ఒక చూపు చూసిండు. నోరు మూసుకున్న. వాడు వద్దన్న సంగతి నేనెందుకు చెప్పాలె అని అప్పుడు అనుకున్న గని, చెప్తే వాని పని విలువ ఎరుకైతుండె గదా అని వాని మీద కోపం మాత్రం లోపల్నే ఉండె.

రెండు చక్కర్లు సక్కగ అయినయ్. వాడు వేలు కదపలే. మూడో చక్కర్ల పొలాల దిక్కు తిరిగేటాల్లకు ఆకాశం ఒక్కసారి నల్లగైంది. గాలి లేచింది, దుమ్ము లేచింది. ఆడోళ్లు ఉరికొచ్చి వడ్లను రోడ్డు నడుమకు గుంజుతున్నరు. నడుమ ఎత్తుగ ఉంటది, నీళ్లు నిలువయ్. ఇగ గీత లేదు, గీతి లేదు. బండి టక్కున ఆగింది.

"మార్గంలో అడ్డంకి ఉంది. దయచేసి వేచి ఉండండి" అన్నది ఆ గొంతు.

పోశవ్వ మా దిక్కు చూడనే లే. కట్టె పలక పట్టుకొని వడ్లు గుంజుతున్నది, కొంగు గాలికి ముఖం మీద పడుతున్నది. ఆమె కుప్ప ఇంకా సగం గూడ కాలే. రాజేశం సీటు కింద ఒక డబ్బల చేతితోని నడిపే హ్యాండిల్ ఉంటది. ముడితే పరీక్ష ఫెయిల్. వాని చేతులు మోకాళ్ల మీదనే ఉన్నయ్, కాలు మాత్రం నేలను ఒత్తుతున్నది, ఒత్తుతున్నది.

"దయచేసి వేచి ఉండండి."

"మేడం, తలుపు తియ్యుండ్రి" అన్నడు రాజేశం.

"అన్నా, పరీక్ష నడుస్తుంది. నువ్వు దిగితే నేనేం రాయాలె?"

"మీకేం రాయబుద్ధైతే గది రాయండ్రి."

ఆ పిల్ల తలుపు తీసింది. వాడు ఉరికిండు. ఎనక నేను. నా ఎనక బండిల కూసున్న ఆఫీసోళ్లిద్దరు, మెడల ట్యాగులు ఊగంగ. ఆఖరుకు శ్రావ్య గూడ కంప్యూటర్ సీట్ల పెట్టి దిగింది. "గా దిక్కు కాదు, గీ దిక్కు! బండికి తొవ్వ ఇడువుండ్రి!" అని రాజేశం అరుస్తుంటే అందరం చేతులతోని, చీపుర్లతోని, దొరికినదానితోని ఊడ్చినం. ఏండ్ల సంది నేను గట్ల ఉరకలే. గింజలు చెప్పులల్ల, జాకెట్ల, జుట్టుల. టార్పాలిన్ కప్పినం, రాళ్లు పెట్టినం. ఒక మూల రాయి దొరకలే, గాలికి మూల లేస్తున్నది. చేతికేముంటే గది అని సంచి తీసి ఆ మూల మీద పెట్టిన. రెండు సీసల తొక్కు బరువు ఊరికె పోతదా, మూల ఆగింది.

అప్పుడు వాన కొట్టింది. ఇగ చూస్కోండ్రి, పోశవ్వతోని కలిసి అందరం బండిలకు ఉరికినం. ఎనిమిది మంది కూసునే బండిల పన్నెండు మందిమి. ఆఖరుకు రాజేశం ఎక్కినంక తలుపు మూసుకున్నది. బండి జర ఆలోచించింది. తొవ్వ ఖాళీ కనబడ్డది, తనంతట తనే కదిలింది. "వామ్మో, నడుస్తుందే!" అని పోశవ్వ రాజేశం భుజం పట్టుకున్నది. తడిసిన ఆడోళ్లందరు నవ్వుడు, అరుసుడు. రేడియో గొంతు ఏమన్నదో ఒక్కలు ఇనలే.

వాన ధారలకు మసకైన ఎనక అద్దంల నుంచి నేను చూసిన. నల్ల టార్పాలిన్, మూల మీద నా సంచి, దాని మీద ధారలు ధారలుగ వాన. అప్పుడు యాదికొచ్చింది. పాస్‌పోర్ట్.

ఆపే ఎర్ర బటన్ నా చేతికి జానెడు దూరంల ఉన్నది. ఒత్తితే ఆగుతది. దిగి ఉరికి తెచ్చుకోవచ్చు. పరీక్ష ఖరాబైతదని ఒత్తలే అని చెప్పుకోవచ్చు నేను. గది అబద్ధం. లత మాడవెట్టిన సర్వపిండి యాదికొచ్చింది, "బాపు" అన్న ఆ పిల్ల గొంతు యాదికొచ్చింది. నా చెయ్యి లేవలే.

చక్కర్ పూర్తయింది. శ్రావ్య కంప్యూటర్ చూసింది. "పాసైంది అన్నా. మనిషి చెయ్యి పడలే. బండి తనే ఆగింది, నువ్వు దిగినా అట్లనే ఉన్నది, తొవ్వ కనబడంగనే తనే కదిలింది. దీనికంటే పెద్ద రుజువు ఉండది" అన్నది. వాడు దిగుడే వానికి ఎదురు తిరిగింది. ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు. "నువ్వేం జేస్తవ్ తల్లీ" అని వాడే ఆమెను సముదాయించిండు.

వాన తగ్గినంక సంచి కోసం పోయిన. సంచి మీద తలకాయంత రాయి పెట్టి ఉన్నది. పోశవ్వ పెట్టి ఉంటదనుకున్న. లోపల తొక్కు సీసలు పదిలం. పాస్‌పోర్ట్ మాత్రం నానిన అటుకుల లెక్క ఉబ్బింది, ముద్రలన్ని నీలి మరకలైనయ్. పోశవ్వ వడ్లల్ల గింజ తడవలే.

ఆదివారం ఏజెంట్ దాన్ని రెండు వేళ్లతోని తెరిచి, "గిది నడువదన్నా. కొత్తది తెచ్చుకునేదాక ఈ పని ఆగది" అన్నడు. రాజేశం ఒక్క మాట అనలే నన్ను. లత ఆ పొద్దు మళ్ల సర్వపిండి చేసింది. ఒక్కటి గూడ మాడలే. నేను మాత్రం సగం తుంచి కంచంల ఇడిసిన.

వాపస్

ఇంటికొచ్చి మా ఆయనకు అన్నీ చెప్పిన, బటన్ సంగతి తప్ప. నెల దాటినంక రాజేశం ఫోన్ చేసిండు. ఇప్పుడు రైస్ మిల్లు లారీ నడుపుతుండు, కరీంనగర్, పెద్దపల్లి తిరుగుతుండు. దమ్మాంల వచ్చినంత రాదు, కష్టమైతుంది అన్నడు. పార్కుల బండి మనిషి లేకుంటనే తిరుగుతున్నదట. మక్కలు ఆరబోసేటోళ్లు గీత వాళ్లే గీసుకుంటున్నరట. "నేను లేకున్నా నడుస్తుందక్కా" అని నవ్విండు. ఆ నవ్వు నాకు మంచిగనిపియ్యలే.

మళ్ల అన్నడు, "కొత్త పాస్‌పోర్ట్ వచ్చింది. పెద్దపల్లి లోడు ఉన్నప్పుడు అక్కడి నుంచి వచ్చి నీకిచ్చి పోత. నీ కాడనే పెట్టు."

ఇగ నా తోని కాలే. "వద్దు తమ్మీ. నా కాడ పెట్టకు. ఆ దినం నేను అద్దంల నుంచి సంచిని చూసిన. పాస్‌పోర్ట్ యాదికొచ్చింది. బటన్ పక్కనే ఉండె. ఒత్తలే" అన్న. ఏడుపొచ్చింది. నీ నోటికాడి బుక్క నేనే తీసిన అన్న.

అవతల లారీ ఇంజన్ చప్పుడు. వాడు ఇంజన్ బంద్ చేసిండు.

"అక్కా, సంచి మీద రాయి ఎవరు పెట్టిన్రనుకున్నవ్?"

"పోశవ్వ అనుకున్న."

"పోశవ్వ ఆ మూలకు రానే లే. సంచిల ఏమున్నదో నాకెరుకనే" అన్నడు మా తమ్ముడు.